మాట వినే ఇల్లు
గృహోపకరణాలకు అంతర్జాలాన్ని అమర్చుకునే పద్ధతి – ఒక పరిచయ పాఠం

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు పెద్దలు. ఆ సామెత పుట్టిన కాలంలో ఇల్లంటే గోడలు, పైకప్పు, తలుపులు, కిటికీలు. ఆ తరువాత విద్యుత్తు వచ్చింది, కుళాయి వచ్చింది, టెలిఫోను వచ్చింది. ఒక్కొక్కటి ఇంట్లో అడుగుపెట్టినప్పుడల్లా గృహస్థు ఒక కొత్త విద్య నేర్చుకోవలసి వచ్చింది. ఫ్యూజు కాలిపోతే ఏమి చేయాలో, గొట్టం పగిలితే ఏ వాల్వు కట్టివేయాలో తెలియని ఇల్లు చీకటిలోనో, నీటిలోనో మునుగుతుంది. ఇప్పుడు ఆ వరుసలో అంతర్జాలం చేరింది. దీపాలు, తాళాలు, కెమెరాలు, గదిని వేడిగానో చల్లగానో ఉంచే యంత్రాలు అన్నీ ఆ జాలానికి తగులుకుంటున్నాయి. "స్మార్ట్ హోమ్" అని అందరూ పిలిచే ఈ ఏర్పాటును తెలుగులో "మాట వినే ఇల్లు" అనుకోవచ్చు.

విదేశాలలో స్థిరపడిన తెలుగు కుటుంబాలకు ఇది కేవలం విలాసం కాదు. సంక్రాంతికి స్వదేశం వెళ్ళి నాలుగు వారాల తరువాత తిరిగి వచ్చేసరికి చికాగోలోనో మినియాపొలిస్‌లోనో ఇంటి నీటిగొట్టం గడ్డకట్టి పగిలిపోయి ఉండవచ్చు. గుంటూరులోనో కరీంనగరంలోనో ఒంటరిగా ఉన్న వృద్ధులైన తల్లిదండ్రులు ఉదయం లేచారో లేదో తెలుసుకోవాలనే తపన ఉండవచ్చు. ఈ రెండింటికీ కావలసిన పరికరాలు ఇప్పుడు అంగట్లో దొరుకుతున్నాయి. కాని వాటిని కొనడం వేరు, అవి అవసరం వచ్చిన రోజున పనిచేసేటట్లు అమర్చుకోవడం వేరు. ఈ రెండవ విషయమే ఈ వ్యాసానికి వస్తువు.

కొంత చరిత్ర

ఇంటికి బుద్ధి నేర్పాలనే కోరిక కొత్తది కాదు. 1966లో అమెరికాలోని వెస్టింగ్‌హౌస్ సంస్థలో ఇంజనీరుగా ఉన్న జేమ్స్ సదర్లాండ్ తన ఇంటికోసం ఎకో-4 అనే కంప్యూటరును నిర్మించాడు. అది బీరువాలంత పరిమాణంలో ఉండేది. 1975లో స్కాట్లండులోని పైకో ఎలక్ట్రానిక్స్ సంస్థ ఎక్స్-10 అనే పద్ధతిని రూపొందించింది. ఇందులో ప్రత్యేకమైన తీగలు అక్కరలేదు. ఇంట్లోని విద్యుత్తు తీగలమీదనే సెకనుకు 1,20,000 కంపనాలు గల సంకేతాన్ని పంపి, దీపాలను వెలిగించడం, ఆర్పడం చేసేవారు. 16 ఇంటి సంకేతాలు, ఒక్కొక్క దానికి 16 పరికరాల సంఖ్యలు చొప్పున మొత్తం 256 పరికరాలను నడపడానికి అవకాశం ఉండేది.

అంతర్జాలానికి తగిలించిన తొలి గృహోపకరణాలలో ఒకటి రొట్టెలు కాల్చే టోస్టరు. 1990లో జాన్ రోమ్‌కీ దానిని ఒక ప్రదర్శనలో చూపించాడు. వేడి చేయడం, ఆపడం అంతర్జాలం ద్వారా జరిగేవి కాని, రొట్టెముక్కను లోపల పెట్టడానికి మాత్రం మనిషి చెయ్యే కావలసి వచ్చింది. మరుసటి సంవత్సరం ఆ పనికి ఒక చిన్న యంత్రపు చెయ్యిని అమర్చారు. 1997లో నిస్తంత్రి జాలాలకు 802.11 అనే ప్రమాణం వెలువడింది. ఇంటింటా ఉన్న వైఫై దాని సంతానమే. 2011లో నెస్ట్ థర్మోస్టాట్, 2012లో ఫిలిప్స్ హ్యూ దీపాలు, 2014లో అమెజాన్ ఎకో బజారులోకి వచ్చిన తరువాత ఈ విద్య ప్రయోగశాల గడప దాటి వసారాలోకి వచ్చింది.

రెండు జాలాలు, ఒక గుమ్మం

ఈ ఏర్పాటులో మొట్టమొదట గ్రహించవలసిన విషయం ఒకటి ఉన్నది. ఇంట్లో ఉన్నది ఒక జాలం కాదు, రెండు. మొదటిది ఇంటి వెలుపలి అంతర్జాలం. రెండవది ఇంటిలోని పరికరాలు ఒకదానితో ఒకటి మాట్లాడుకునే ఇంటి జాలం. ఈ రెండింటి నడుమ గుమ్మంలాగా నిలిచేది రౌటరు.

చిరునామాల లెక్క చూస్తే ఇది స్పష్టమవుతుంది. అంతర్జాలపు పాత చిరునామాల పద్ధతిలో ఉండగలిగిన మొత్తం చిరునామాలు 4,29,49,67,296. అంటే సుమారు 429 కోట్లు. ప్రపంచ జనాభాకే చాలని ఈ సంఖ్య ప్రతి దీపానికీ, ప్రతి స్విచ్చికీ ఎలా సరిపోతుంది? అందుచేత ఇంటికంతటికీ బయట ఒకే చిరునామా ఉంటుంది. లోపలి పరికరాలకు రౌటరు తానే 192.168తో మొదలయ్యే చిరునామాలను పంచిపెడుతుంది. అదే చిరునామాలు పక్కింట్లోనూ ఉంటాయి, అయినా చిక్కు రాదు. పెద్ద అపార్టుమెంటుకు ఒకే డోర్ నంబరు ఉండి, వచ్చిన ఉత్తరాలను కాపలాదారు ఏ వాటాకు చేరవలసినవి ఆ వాటాకు చేర్చినట్లు, రౌటరు బయటి సమాచారాన్ని లోపలికి పంచుతుంది. 128 అంకెల ద్విసంఖ్యలతో కూడిన కొత్త చిరునామాల పద్ధతి ఈ కొరతను తీర్చడానికే వచ్చింది. అయినప్పటికీ ఇళ్ళలో పాత పద్ధతి ఇంకా విరివిగా నడుస్తూనే ఉన్నది.

ఈ భేదం ఎందుకు ముఖ్యమంటే, బయటి అంతర్జాలం తెగిపోయినా ఇంటి జాలం తెగదు. రౌటరుకు విద్యుత్తు ఉన్నంత వరకు లోపలి పరికరాలు తమలో తాము మాట్లాడుకోగలవు. కనుక పరికరం కొనేముందు అడగవలసిన మొదటి ప్రశ్న "ఇది ఏమేమి చేస్తుంది?" అని కాదు, "బయటి అంతర్జాలం లేనప్పుడు ఇది ఏమి చేస్తుంది?" అని.

వెలుపలి దారి: ఎంత వేగం కావాలి?

ఇంటికి అంతర్జాలం మూడు నాలుగు విధాలుగా వస్తుంది: టెలిఫోను రాగితీగ, టీవీ కేబులు, గాజుపోగు అనదగిన ఆప్టికల్ ఫైబరు, సెల్‌ఫోను లేదా ఉపగ్రహ తరంగాలు. వీలున్నచోట ఫైబరు ఉత్తమం. అందులో సమాచారం కాంతి రూపంలో ప్రయాణిస్తుంది, మెరుపులు, విద్యుత్తు తీగల సామీప్యం దానిని చెడగొట్టవు.

వేగాన్ని కొలిచే మాటలలో ఒక మెలిక ఉన్నది. సంస్థలు ప్రకటించే వేగం మెగాబిట్లలో ఉంటుంది. కంప్యూటరులో దాచుకునే ఫైలు పరిమాణం మెగాబైట్లలో ఉంటుంది. 8 బిట్లు కలిస్తే ఒక బైటు. కాబట్టి 100 మెగాబిట్ల వేగం గల దారిలో సెకనుకు వచ్చేది 12.5 మెగాబైట్లు మాత్రమే.

ఒక కుటుంబపు అవసరాన్ని లెక్కవేసి చూడవచ్చు. అత్యంత స్పష్టమైన సినిమా చూడడానికి 15 నుండి 25 మెగాబిట్లు చాలు. ముఖాముఖి వీడియో సంభాషణకు రాకపోకలు రెండింటా సుమారు 4 మెగాబిట్లు. ఒక దీపాన్ని వెలిగించే ఆజ్ఞకు కావలసింది కొన్ని వందల బైట్లు, అంటే లెక్కలోకి రానంత స్వల్పం. అందువల్ల పరికరాల సంఖ్య పెరిగినంత మాత్రాన వేగం పెంచుకోనవసరం లేదు. దీనికి ఒక్క మినహాయింపు కెమెరా.

కెమెరా బొమ్మలను ఇంటినుండి బయటకు పంపుతుంది. అందుచేత దిగుమతి వేగం కాక ఎగుమతి వేగం ముఖ్యమవుతుంది. సాధారణమైన కెమెరా సెకనుకు 2 మెగాబిట్లు పంపుతుందనుకుంటే, నాలుగు కెమెరాలకు 8, ఏకకాలంలో జరిగే రెండు వీడియో సంభాషణలకు 8, మొత్తం 16 మెగాబిట్ల ఎగుమతి కావాలి. 2024 మార్చిలో అమెరికా ఫెడరల్ కమ్యూనికేషన్స్ కమిషన్ బ్రాడ్‌బ్యాండుకు నిర్ణయించిన కనీస ప్రమాణం దిగుమతికి 100, ఎగుమతికి 20 మెగాబిట్లు. అంతకు ముందు, 2015 నుండి ఉన్న ప్రమాణం 25, 3 మాత్రమే. ఆ పాత ప్రమాణంతో పై కుటుంబం ఇబ్బందిపడక తప్పదు.

మరొక లెక్క కూడ గమనించదగినది. 2 మెగాబిట్ల చొప్పున విరామం లేకుండా పంపే కెమెరా రోజుకు 21.6 గిగాబైట్లు, 30 రోజులకు 648 గిగాబైట్లు పంపుతుంది. అటువంటివి నాలుగైతే నెలకు 2,592 గిగాబైట్లు. నెలవారీ పరిమితి గల కనెక్షనుకు ఇది మోయరాని భారం. కనుక కెమెరాలోనే మెమరీ కార్డు పెట్టి బొమ్మలను అక్కడే దాచి, కదలిక కనిపించినప్పుడు మాత్రమే బయటకు పంపే ఏర్పాటు మేలు. 128 గిగాబైట్ల కార్డులో ఒక కెమెరా బొమ్మలు ఆరు రోజులకు కొద్దిగా తక్కువగా నిలువ ఉంటాయి. ఆపైన పాతవి చెరిగి కొత్తవి చేరతాయి.

లోపలి దారి: తరంగాలు, గోడలు

వైఫై ప్రధానంగా రెండు పౌనఃపున్యాలలో నడుస్తుంది. మొదటిది 2.4 గిగాహెర్ట్‌జ్, అంటే సెకనుకు 240 కోట్ల కంపనాలు. దాని తరంగదైర్ఘ్యం 12.5 సెంటీమీటర్లు. రెండవది 5 గిగాహెర్ట్‌జ్. తరంగదైర్ఘ్యం 6 సెంటీమీటర్లు. 2020లో అమెరికాలో 6 గిగాహెర్ట్‌జ్ పట్టీని కూడ తెరిచారు. పౌనఃపున్యం పెరిగినకొద్దీ ఎక్కువ సమాచారం పంపడానికి చోటు దొరుకుతుంది, కాని గోడలను దాటే శక్తి తగ్గుతుంది. స్మార్ట్ పరికరాలలో చిన్నవి చాలా వరకు 2.4 గిగాహెర్ట్‌జ్‌ను మాత్రమే అర్థం చేసుకుంటాయి. కొత్త పరికరం ఎంత ప్రయత్నించినా జాలంలో చేరకపోవడానికి తరచుగా కారణం ఇదే: ఫోను 5 గిగాహెర్ట్‌జ్ మీద ఉంటుంది, పరికరం 2.4 మీద ఎదురుచూస్తుంటుంది. అమర్చే సమయంలో ఫోనును కూడ 2.4 మీదకు మార్చితే చిక్కు విడిపోతుంది.

2.4 పట్టీలో అమెరికాలో 11 చానళ్ళున్నా, ఒకదానిమీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. పక్కిళ్ళవారు 6 మీద ఉంటే 1 లేదా 11 ఎంచుకోవడం మంచిది. వంటింటి మైక్రోవేవ్ పొయ్యి కూడ 2.45 గిగాహెర్ట్‌జ్ మీదనే పనిచేస్తుంది కనుక దాని పక్కన రౌటరును పెట్టరాదు. లోహం తరంగాలను తిప్పికొడుతుంది, నీరు పీల్చివేస్తుంది. రిఫ్రిజిరేటరు వెనుక, చేపల తొట్టె పక్కన, నేలమాళిగ మూలలో పెట్టిన రౌటరు ఎంత ఖరీదైనదైనా ప్రయోజనం తక్కువ. ఇంటి నడుమ, నడుము ఎత్తుకు పైన, తెరపిగా ఉన్న చోటు దానికి తగినది.

ఇక్కడ ఇంటి కట్టడపు తేడాను గుర్తించాలి. అమెరికాలో చాలా ఇళ్ళ లోపలి గోడలు చెక్క చట్రంమీద బిగించిన జిప్సం పలకలు. తరంగాలు వాటిని సులభంగా దాటుతాయి. తెలుగు నాట ఇళ్ళకు తొమ్మిది అంగుళాల ఇటుక గోడలు, ఇనుప చువ్వలు పోసిన కాంక్రీటు శ్లాబు ఉంటాయి. న్యూజెర్సీలో రెండంతస్తులకు సరిపోయిన రౌటరు తెనాలిలో రెండు గోడలు దాటేసరికి అలసిపోతుంది. అటువంటి ఇంటికి ఒక శక్తిమంతమైన రౌటరు కన్న, అంతస్తుకొకటి చొప్పున రెండు మూడు సాధారణమైన ప్రసారకేంద్రాలు పెట్టి వాటిని తీగతో కలపడం నయం. ఈథర్‌నెట్ తీగ 100 మీటర్ల దూరం వరకు సెకనుకు 1,000 మెగాబిట్లు మోయగలదు. నిస్తంత్రిగా ఒక కేంద్రం నుండి మరొక కేంద్రానికి దూకించే మెష్ పద్ధతి సులభమే కాని, ప్రతి దూకుడులోనూ కొంత వేగం ఖర్చవుతుంది. కదలని వస్తువుకు తీగ, కదిలే వస్తువుకు తరంగం అనేది గుర్తుంచుకోదగిన సూత్రం.

పరికరాల భాషలు

పరికరాలన్నీ వైఫైలోనే మాట్లాడవు. బొత్తాము ఆకారపు బ్యాటరీతో సంవత్సరం పైగా బతకవలసిన తలుపు సెన్సరుకు వైఫై పెద్ద బరువు. అటువంటి వాటికి జిగ్బీ, జెడ్-వేవ్, థ్రెడ్ అనే మితభాషులైన పద్ధతులున్నాయి. జిగ్బీ, థ్రెడ్‌లు సెకనుకు 250 కిలోబిట్లు మించి పంపలేవు, కాని తలుపు తెరిచారా, మూశారా అని చెప్పడానికి అంతకంటె ఏమి కావాలి? పైగా వీటిలో గోడకు తగిలించి ఉన్న పరికరాలు పక్కవాటి మాటను అందుకుని ముందుకు చేరవేస్తాయి. ఈ భాషలను ఇంటి జాలంలోకి అనువదించే దుబాసీయే హబ్.

ఒక సంస్థ పరికరం మరొక సంస్థ పరికరంతో మాట్లాడకపోవడం చాలా కాలం పెద్ద ఇబ్బందిగా ఉండేది. 2022 అక్టోబరులో మేటర్ అనే ఉమ్మడి ప్రమాణం వెలువడింది. ఇది వైఫై, థ్రెడ్, ఈథర్‌నెట్‌ల మీద నడుస్తుంది. దీని విశేషం ఏమంటే ఆజ్ఞలు ఇంటి జాలంలోనే తిరుగుతాయి. మేటర్ పరికరంతో వచ్చే 11 అంకెల సంకేత సంఖ్యను వ్రాసి భద్రపరచుకోవాలి. ఇల్లు మారినా, ఫోను పోయినా మళ్ళీ ఆ సంఖ్యే ఆధారం.

స్వదేశానికి పరికరాలు తీసుకువెళ్ళేవారు ఒక జాగ్రత్త తీసుకోవాలి. వైఫై, జిగ్బీలు వాడే 2.4 గిగాహెర్ట్‌జ్ దాదాపు అన్ని దేశాలలోనూ ఒకటే. జెడ్-వేవ్ అలా కాదు: అమెరికాలో 908.4, ఐరోపాలో 868.4, భారతదేశంలో 865.2 మెగాహెర్ట్‌జ్. అమెరికాలో కొన్న జెడ్-వేవ్ స్విచ్చి భారతదేశపు హబ్‌తో మాట్లాడదు. పైగా ఆ 908 మెగాహెర్ట్‌జ్ అక్కడ సెల్‌ఫోన్లకు కేటాయించిన పట్టీలో పడుతుంది. అలాగే అమెరికా విద్యుత్తు 120 వోల్టులు, భారతదేశపుది 230. చార్జర్లు ఎక్కువగా 100 నుండి 240 వోల్టుల వరకు తట్టుకుంటాయి. గోడలో బిగించే స్విచ్చీలు, దీపాలు తట్టుకోకపోవచ్చు. వెనుక వ్రాసిన అంకెలు చదవకుండా తగిలించడం ప్రమాదం.

గోడలోని తీగలు

స్మార్ట్ స్విచ్చి దీపం ఆరి ఉన్నప్పుడు కూడ మెలకువగా ఉండాలి. అందుకు దానికి నిరంతరంగా కొద్దిపాటి విద్యుత్తు కావాలి, ఆ వలయం పూర్తి కావడానికి న్యూట్రల్ తీగ కావాలి. అమెరికాలోని పాత ఇళ్ళలోను, బ్రిటన్‌లోని చాలా ఇళ్ళలోను దీపపు స్విచ్చి పెట్టెలో న్యూట్రల్ ఉండదు. కొనేముందు ఎలక్ట్రీషియనుచేత చూపించుకోవాలి. లేనిచోట న్యూట్రల్ అక్కరలేని రకాన్నో, స్మార్ట్ దీపాన్నో ఎంచుకోవచ్చు. ఉత్తర అమెరికా ఇళ్ళలోని థర్మోస్టాట్ 24 వోల్టులమీద నడుస్తుంది. దానికి "సి" అనే ఉమ్మడి తీగ ఉన్నదో లేదో ముందుగానే చూసుకోవాలి.

ఈ మెలకువకు వెల కూడ ఉన్నది. ఒక్కొక్క పరికరం అర వాటు చొప్పున తీసుకుంటుందనుకుంటే, 20 పరికరాలకు 10 వాట్లు, సంవత్సరానికి 87.6 యూనిట్లు. పెద్ద ఖర్చు కాదు, కాని పొదుపు పేరుతో పరికరాలు కొనేవారు ఈ అంకెను కూడ తీసివేత లెక్కలో వేసుకోవాలి.

బుద్ధి ఎక్కడ ఉన్నది?

"దీపం వెలిగించు" అని ఇంట్లో ఎవరైనా అంటే, ఆ మాట చాలా సందర్భాలలో బయటి అంతర్జాలంలో వందల మైళ్ళు ప్రయాణించి, ఏదో ఒక సంస్థ సర్వరులో అర్థమై, ఆజ్ఞగా మారి, మళ్ళీ ఇంటికి వచ్చి పక్కనే ఉన్న దీపాన్ని వెలిగిస్తుంది. అంటే ఇంటి బుద్ధి ఇంట్లో లేదు, పరాయిచోట అద్దెకు ఉన్నది. అద్దె ఇచ్చినవారు దుకాణం మూసుకుంటే?

ఇది ఊహ కాదు. రివాల్వ్ అనే హబ్‌ను 300 డాలర్లకు అమ్మిన సంస్థను 2014లో నెస్ట్ కొనివేసింది. 2016 మే నెలలో ఆ సేవను నిలిపివేయడంతో హబ్‌లన్నీ పనికిరాకుండా పోయాయి. 2022 ఏప్రిల్‌లో ఇన్‌స్టియాన్ సంస్థ సర్వర్లు ముందస్తు ప్రకటన లేకుండానే ఆగిపోయాయి. ఫోనునుండి ఇంటిని నడిపే వీలు ఒక్కసారిగా పోయింది. కొన్ని వారాల తరువాత దాని వాడకందారులే కొందరు కలిసి ఆ సంస్థను కొని సేవను పునరుద్ధరించారు. ప్రతిసారీ అంతటి అదృష్టం ఉండదు. అందుచేత తాళం, దీపం, వేడి వంటి అత్యవసరమైన వాటికి ఇంట్లోనే నిర్ణయం తీసుకునే పరికరాలను ఎంచుకోవాలి. వీటితోపాటు పాత పద్ధతిని విడిచిపెట్టరాదు. గోడమీద చేతితో నొక్కే స్విచ్చి, తలుపుకు మామూలు తాళంచెవి ఎప్పుడూ పనిచేయాలి. స్వదేశంనుండి వచ్చిన అత్తగారు గాని, ఆరేళ్ళ మనుమడు గాని ఫోను లేకుండా స్నానాలగది దీపం వేసుకోలేని ఇల్లు తెలివైనది అనిపించుకోదు.

దొంగకు దారి

2016 అక్టోబరు 21న అమెరికా తూర్పు తీరంలో ట్విట్టర్, నెట్‌ఫ్లిక్స్ వంటి ప్రసిద్ధమైన సేవలు కొన్ని గంటలపాటు అందలేదు. కారణం మిరాయ్ అనే దుష్టప్రోగ్రాము. అది లొంగదీసుకున్నవి ఎక్కువగా ఇళ్ళలోని కెమెరాలు, వీడియో రికార్డర్లు, రౌటర్లు. దాని విద్య చాలా సామాన్యమైనది: కర్మాగారంలో పెట్టిన పాస్‌వర్డులు అరవై పైచిలుకు పట్టికగా పెట్టుకుని, ఒక్కొక్కటే ప్రయత్నించడం. వాటిని మార్చని గృహస్థులే దానికి తలుపులు తెరిచి ఉంచారు. ఆ తరువాత కాలిఫోర్నియాలో 2020 జనవరినుండి, బ్రిటన్‌లో 2024 ఏప్రిల్‌నుండి అన్ని పరికరాలకు ఒకే తేలిక పాస్‌వర్డు పెట్టి అమ్మడాన్ని చట్టం నిషేధించింది. అయినా పాత పరికరాలు ఇంకా ఇళ్ళలో ఉన్నాయి.

రక్షణకు చేయవలసినవి నాలుగు. రౌటరుకు, ప్రతి పరికరానికి వేరువేరు పొడవైన పాస్‌వర్డులు పెట్టాలి. వైఫైకి 2018లో వచ్చిన డబ్ల్యుపిఎ-3, అది వీలుకాకపోతే 2004నాటి డబ్ల్యుపిఎ-2 రక్షణను ఎంచుకోవాలి. 2001లోనే ఛేదింపబడిన డబ్ల్యుఇపి జోలికి పోరాదు. రౌటరులో అతిథులకు ఉండే వేరు జాలంలో స్మార్ట్ పరికరాలను చేర్చి, బ్యాంకు పనులు చేసే కంప్యూటర్లను ప్రధాన జాలంలో ఉంచాలి. తయారీదారు పంపే సవరణలను ఎప్పటికప్పుడు స్వీకరించాలి. సవరణలు ఆగిపోయిన పరికరాన్ని జాలంనుండి తొలగించాలి.

స్వదేశంలోని ఇల్లు

తల్లిదండ్రుల ఇంట ఈ ఏర్పాటు చేసేటప్పుడు మూడు విషయాలు భిన్నంగా ఉంటాయి. మొదటిది దూరం. కాంతి గాజుపోగులో సెకనుకు సుమారు 2,00,000 కిలోమీటర్లు పయనిస్తుంది. చికాగో, హైదరాబాదుల మధ్య సూటి దూరం సుమారు 13,000 కిలోమీటర్లు. మాట వెళ్ళి తిరిగిరావడానికి ప్రకృతి నియమం ప్రకారమే సెకనులో 13 వందలవ వంతులు పడుతుంది. కేబుళ్ళు వంకరగా వెళతాయి కనుక నిజానికి ఇంకా ఎక్కువ. వీడియో సంభాషణలో ఒకరి మాటకు మరొకరు అడ్డుపడడానికి కొంత కారణం ఇదే. ఎంత డబ్బు చెల్లించినా ఈ ఆలస్యం పూర్తిగా పోదు.

రెండవది విద్యుత్తు. పాత టెలిఫోనుకు కావలసిన 48 వోల్టులు ఎక్స్‌చేంజిలోని బ్యాటరీలనుండే వచ్చేవి. అందుకే ఇంట్లో కరెంటు పోయినా ఫోను మోగేది. ఫైబరు కాంతిని మోస్తుంది కాని విద్యుత్తును మోయదు. ఇంట్లో కరెంటు పోతే దాని చివరనున్న పెట్టె, రౌటరు రెండూ ఆరిపోతాయి. రెండూ కలిసి 15 వాట్లు తీసుకుంటే, 100 వాట్-గంటల చిన్న బ్యాటరీ ఆరు గంటలు పైగా నడుపుతుంది. ఇంట్లో ఇన్వర్టరు ఉన్నవారు రౌటరు తగిలించిన ప్లగ్గు ఇన్వర్టరు వలయంలో ఉన్నదో లేదో చూసుకుంటే చాలు.

మూడవది అన్నిటికంటె సున్నితమైనది. కన్నవారి క్షేమం తెలుసుకోవాలనే ఆరాటంలో ప్రతి గదిలోనూ కెమెరా బిగించడం, వారి ఇంట్లో వారినే బందీలను చేయడం. ముందుగా వారి అనుమతి అడగాలి. ఎవరెవరు చూస్తారో, ఎప్పుడు చూస్తారో చెప్పాలి. ఆపివేసే మీట వారి చేతిలో ఉండాలి. వీధి గుమ్మం దగ్గర ఒక కెమెరా చాలు. లోపలికి బొమ్మ తీయని సెన్సర్లే మేలు. వంటింట్లో ఒక కదలిక సెన్సరు, రిఫ్రిజిరేటరు తలుపుకు ఒక అయస్కాంతపు సెన్సరు పెడితే, రోజూ ఆరు గంటలకు కాఫీ పెట్టుకునే తల్లి ఏడున్నరకు కూడ వంటింట్లోకి రాకపోతే కొడుకు ఫోనుకు కబురు వస్తుంది. అందులో ఆమె బొమ్మ లేదు, మాట లేదు. "లేచింది" అనే వార్త మాత్రమే ఉన్నది.

ఈ కదలిక సెన్సరు మనిషి శరీరంనుండి వెలువడే పరారుణ కిరణాలకూ, పరిసరాలనుండి వచ్చేవాటికీ ఉన్న తేడాను పసికడుతుంది. మే నెలలో విజయవాడలోనో రామగుండంలోనో గది వేడి శరీరపు వేడికి దగ్గరైనప్పుడు ఆ తేడా తగ్గి, సెన్సరు చురుకుదనం మందగిస్తుంది. అందుకే దానికి తోడుగా అయస్కాంతపు సెన్సరు అవసరం. అంతేకాక, కబురు వచ్చినప్పుడు వెళ్ళి తలుపు తట్టగల పొరుగువారి ఫోను నంబరు లేకపోతే, సముద్రం ఆవలి కొడుక్కి ఆ కబురు ఆందోళనను మాత్రమే మిగులుస్తుంది.

అమర్చుకునే వరుస

పై విషయాలను క్రమంలో పెడితే పని తేలికవుతుంది.

1. ఇంటికి నిజంగా ఉన్న సమస్యలను మూడింటిని కాగితంమీద వ్రాసుకోవాలి. పరికరాల జాబితా వాటినుండి పుట్టాలి.
2. ఎగుమతి వేగం, నెలవారీ పరిమితి చూసి కనెక్షను ఎంచుకోవాలి.
3. రౌటరును ఇంటి నడుమ పెట్టి, పేరు, పాస్‌వర్డు మార్చి, అతిథి జాలం తెరవాలి.
4. ప్రతి గదిలో ఫోనుతో వేగం కొలిచి, బలహీనమైన చోటుకు తీగతో మరొక కేంద్రం అమర్చాలి.
5. మొదట ఒకే ఒక పరికరం పెట్టి రెండు వారాలు వాడి చూడాలి. నీటి కారుడు సెన్సరు మంచి ఆరంభం. రెండు లోహపు మొనల మధ్య నీరు చేరగానే విద్యుత్తు ప్రవహించి కబురు పంపుతుంది.
6. శీతల ప్రాంతాలవారు ప్రయాణానికి ముందు థర్మోస్టాట్‌ను 55 డిగ్రీల ఫారన్‌హీట్‌కు తగ్గకుండా ఉంచి, ఉష్ణోగ్రత పడిపోతే కబురు వచ్చేటట్లు చేయాలి. నీటి ప్రధాన వాల్వు కట్టివేయాలి.
7. రౌటరునుండి బయటి తీగను ఒక గంట ఊడదీసి, ఇంట్లో ఏవి పనిచేస్తున్నాయో, ఏవి ఆగిపోయాయో పరీక్షించాలి. తాళం, దీపం, వేడి ఆగిపోతే అమరికను మార్చాలి.
8. పరికరాల పేర్లు, సంకేత సంఖ్యలు, పాస్‌వర్డులు ఒక పుస్తకంలో వ్రాసి, ఇంట్లో కనీసం ఇద్దరికి తెలిసిన చోట భద్రపరచాలి.

ఈ ఎనిమిదింటిలో చివరిదాన్ని చాలామంది నిర్లక్ష్యం చేస్తారు. ఇంటి అమరిక అంతా ఒక్కరి తలలో, ఒక్కరి ఫోనులో ఉంటే, ఆ ఒక్కరు ఊళ్ళో లేనినాడు, ఆసుపత్రిలో ఉన్ననాడు మిగిలినవారికి సొంత ఇల్లే పరాయిదవుతుంది. భార్యాభర్తలిద్దరికీ సమానమైన అధికారం ఉండాలి. ఎదిగిన పిల్లలకు నేర్పాలి. వంటింటి పొయ్యి వాల్వు ఎక్కడున్నదో ఇంటిల్లిపాదికీ తెలిసినట్లే, రౌటరు ఎక్కడున్నదో, దానిని ఆపి మళ్ళీ ఎలా వెలిగించాలో అందరికీ తెలిసి ఉండాలి.